సీరం, పెర్మ్, టింట్: రెప్పవెంట్రుకలు పాడైతే తప్పు ఎవరిది?

“మీ దగ్గర పెర్మ్ చేయించుకున్నాకే ఇలా అయింది” అంటూ పార్లర్‌కు వచ్చేవారిని నేను మొదట అడిగేది ఒకటే: రాత్రి పడుకునే ముందు రెప్పలకు ఏమైనా రాస్తున్నారా? “అవునండీ, సీరం. చెప్పడం మరిచిపోయాను” అంటారు చాలామంది. రెప్పవెంట్రుకలకు వేసే టింట్ రంగు మూడు నాలుగు వారాలు ఉంటుంది. మందుతో వాటిని పైకి వంచే పెర్మ్ వంపు ఆరు నుంచి ఎనిమిది వారాలు నిలుస్తుంది. రెప్పవెంట్రుకలను పెంచే బైమటోప్రాస్ట్ అనే మందు ఉన్న సీరం పూర్తి ఫలితం ఇవ్వడానికి మాత్రం 16 వారాలు కావాలి. ఈ లెక్క చూసుకోకుండా మూడూ ఒకేసారి మొదలుపెట్టినచోటే ఎక్కువ పేచీలు వస్తాయి.

రెండు మూడు వారాలకే వెంట్రుకలు తలో దిక్కుకు తిరిగాయి

గాలివానకు ఒరిగిన వరిచేనులా ఉంటుంది ఆ రెప్ప. కొన్ని వెంట్రుకలు పైకి, కొన్ని పక్కకు, మధ్యలో రెండు నిటారుగా. పెర్మ్ ఆ రోజు రెప్ప బయట ఉన్న వెంట్రుకనే వంచుతుంది. సీరం మాత్రం మరిన్ని వెంట్రుకలను ఎదుగుదల దశలోకి తెచ్చి, వాటిని ఆ దశలో ఎక్కువ రోజులు ఉంచుతుంది. అంటే కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చేదంతా తిన్ననిదే. అది వంపు తిరిగిన పాత భాగాన్ని ముందుకు నెడుతుంది.

వెంటనే మళ్లీ పెర్మ్ చేయమని అడుగుతారు. నేను చేయను. వెంట్రుకకు ఆకారాన్నిచ్చే గంధకపు బంధాలను పెర్మ్ మందు ఒకసారి తెంచింది, రెండో మందు వాటిని కొత్త ఆకారంలో కట్టింది. అంతలోనే మళ్లీ తెంచితే చివర్లు పీచులా తయారవుతాయి. ఎనిమిది వారాలు ఆగండి, ఈలోగా రోజూ శుభ్రమైన చిన్న బ్రష్‌తో పైకి దువ్వుకోండి. ఇంకా ఏదీ మొదలుపెట్టనివారైతే సీరం ముందు, పెర్మ్ తర్వాత. నాలుగు నెలలు ఓపిక పడితే ఈ బాధే ఉండదు.

చివర్లు కొక్కెంలా వంగి రెప్పకు తగులుతున్నాయి

ఇది మా తప్పే. సీరంతో వెంట్రుకలు పొడుగయ్యాక కూడా పోయినసారి వెంట్రుకలను వంచడానికి వాడిన చిన్న సిలికాన్ రాడ్‌నే పెట్టి ఉంటారు. పొడుగు వెంట్రుకకు పెద్ద రాడ్, కొత్తగా వచ్చిన సన్నటి వెంట్రుకకు తక్కువ సమయం. సీరం వాడుతున్నట్టు ముందే చెబితే ఈ రెండూ సరిచూసుకుంటాం. పీచుగా మారిన చివర్లకు మందు లేదు, అవి రాలి కొత్తవి రావాల్సిందే.

వంపు అసలు పట్టలేదు

కారణం ముందురోజు రాత్రి రాసిన ఆముదం. ఆముదంతో వెంట్రుకకు నిగనిగ వస్తుంది కానీ, అది రెప్పవెంట్రుకలను పెంచుతుందనడానికి గట్టి ఆధారం లేదు. పెర్మ్‌కు రెండు రోజుల ముందు నుంచి నూనె, సీరం, కాటుక ఆపండి. అయ్యాక మరో రెండు రోజులు ఆగి సీరం తిరిగి మొదలుపెట్టండి.

దురద, ఎరుపు, వాపు

ఎప్పుడు మొదలైందో గుర్తు తెచ్చుకోండి. కుర్చీలో ఉండగానే మండితే పెర్మ్ మందు కంట్లోకి జారినట్టు. అప్పటికప్పుడు పావుగంట సేపు ధారగా నీళ్లతో కడగాలి. ఒకటి రెండు రోజులకు రెప్ప ఉబ్బి దురద పెడితే టింట్ రంగు మీద అనుమానపడాలి. తలకు రంగు వేసుకున్నప్పుడో, నల్ల మెహందీ పెట్టుకున్నప్పుడో ఇంతకుముందు దురద వచ్చినవారు టింట్ జోలికే పోవద్దు. ఆ రంగుల్లో సాధారణంగా ఉండే పారాఫినైలిన్‌డైఅమీన్ అనే రసాయనం టింట్‌లోనూ ఉండవచ్చు. 1930లలో అమెరికాలో లాష్ లూర్ అనే రెప్పల రంగు వల్ల కొందరికి చూపు పోయింది, ప్రాణనష్టం కూడా జరిగింది. 1938లో అక్కడ సౌందర్య సాధనాలను చట్టం కిందికి తేవడానికి అదీ ఒక కారణం. అందుకే 48 గంటల ముందు చెవి వెనక కొద్దిగా రాసి చూసే ప్యాచ్ టెస్ట్ చేయకుండా టింట్ వేసే పార్లర్ నుంచి లేచి వచ్చేయండి.

రోజూ సీరం రాశాక కాసేపు ఎర్రబడి తగ్గుతుంటే కారణం సీరమే. కాంటాక్ట్ లెన్సులు తీసి రాయండి, 15 నిమిషాలయ్యాకే మళ్లీ పెట్టుకోండి. నొప్పి ఉన్నా, చూపు మసకబారినా పార్లర్‌కు కాదు, కంటి డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.

రెప్ప అంచు నల్లబడింది

టింట్ మరక అయితే కొద్ది రోజుల్లో కడుక్కుపోతుంది. వారాల తరబడి మెల్లగా ముదురుతుంటే అది బైమటోప్రాస్ట్ పని, ఆపేస్తే సాధారణంగా నెలల్లో తగ్గుతుంది. కంటిపాప చుట్టూ ఉన్న రంగు మారితే మాత్రం పాత రంగు తిరిగి రాదు. సీరం పైరెప్ప అంచుకే రాసి, మిగిలింది అద్దేయండి. చెంప మీదికి జారినచోట కూడా వెంట్రుకలు మొలవవచ్చు.

సీరం ఆపాక పలచబడ్డాయి

పెర్మ్‌ను తిట్టకండి. మందు ఆపితే కొన్ని వారాల నుంచి నెలల్లో రెప్పలు పాత స్థితికి వస్తాయి.

ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్ల గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) చుక్కల సీసాలో ఉన్నదీ చాలాసార్లు ఈ తరహా మందే. 2008లో అమెరికాలో రెప్పల కోసం అనుమతి పొందకముందు బైమటోప్రాస్ట్ గ్లకోమా మందే మరి. అలాగని అమ్మమ్మ సీసా తీసి రాసుకోకండి. గ్లకోమాకు ఇప్పటికే అలాంటి చుక్కలు వేసుకుంటున్నవారు పైన సీరం కూడా రాస్తే కంటి ఒత్తిడి తగ్గాల్సినంత తగ్గకపోవచ్చు, కాబట్టి ముందు డాక్టర్‌కు చెప్పాలి.