ఇంగ్లీషులో వేర్ (where), వెన్ (when), వై (why): తప్పు ఎక్కడ పడుతోంది, ఎలా దిద్దుకోవాలి

సమస్య: "ది సిటీ వేర్ ఐ విజిటెడ్" అని రాసినవారు, అది తప్పని చెప్పగానే వేర్ అంటేనే జంకి "ది సిటీ విచ్ ఐ లివ్" అని మరో తప్పు రాస్తారు.

కారణం: "నేను చదివిన పుస్తకం", "నేను చదివిన బడి", "నేను చదివిన రోజులు" అన్న మూడింటిలోనూ "చదివిన" మారదు. పుస్తకాన్ని చదివామా, బడిలో చదివామా అన్నది చెప్పే విభక్తి తెలుగులో లోపిస్తుంది, వినేవారు దాన్ని అర్థాన్ని బట్టి పూరించుకుంటారు. ఇంగ్లీషులో ఆ విభక్తి పని చేసేవే వేర్, వెన్, వై అనే సంబంధక క్రియావిశేషణాలు, అంటే నామవాచకాన్ని దాన్ని వివరించే ఉపవాక్యంతో కలిపే మాటలు (రిలేటివ్ ఆడ్వర్బ్స్). స్థలం పేరు కనబడితే వేర్ వాడాలన్న సూత్రం సగమే నిజం. ఎక్కువ తప్పులు అక్కడే పుడుతున్నాయని నా నమ్మకం.

పరిష్కారం: ఆ నామవాచకాన్ని మళ్లీ పూర్తి వాక్యంలో పెట్టి చూడండి. "నగరాన్ని సందర్శించాను" అన్నప్పుడు నగరం కర్మ కనుక "ది సిటీ విచ్ ఐ విజిటెడ్" అవుతుంది. "నగరంలో ఉంటున్నాను" అన్నప్పుడు "లో" వచ్చింది కనుక "ది సిటీ వేర్ ఐ లివ్" అవుతుంది. కాలానికీ ఇదే పరీక్ష: "ఆ రోజున కలిశాం" అయితే వెన్, "ఆ రోజును మరచిపోలేను" అయితే విచ్ లేదా దట్. అయితే ఒక జాగ్రత్త అవసరం. తెలుగులో గదిలోకి ప్రవేశిస్తాం, ఊరికి చేరుకుంటాం. ఇంగ్లీషులో ఎంటర్, రీచ్ నేరుగా కర్మనే తీసుకుంటాయి కనుక "ది రూమ్ విచ్ ఐ ఎంటర్డ్" అనే రాయాలి. అందువల్ల చివరి మాట ఇంగ్లీషు క్రియదే.

సమస్య: "ది హౌస్ వేర్ ఐ లివ్ ఇన్." వేర్ అంటేనే ఇక్కడ "ఇన్ విచ్" కాబట్టి చివరి ఇన్ తీసివేయాలి, లేదా ఇన్ ఉంచి వేర్ బదులు విచ్ పెట్టాలి.

సమస్య: "ఐ నో ది ప్లేస్ వేర్ డిడ్ హి గో." ఈ పదాలను మనం ముందుగా ప్రశ్నలలో నేర్చుకుంటాం కనుక ప్రశ్న వరుసే అలవాటుగా వచ్చేస్తుంది. ఇక్కడ ప్రశ్న లేదు కాబట్టి వేర్ తరువాత కర్త, ఆపై క్రియ రావాలి: "వేర్ హి వెంట్."

సమస్య: "ది వే హౌ షి స్పీక్స్." వై ముందు రీజన్ రావచ్చు గనుక హౌ ముందు వే కూడా రావచ్చని అనుకోవడమే దీనికి కారణం. ఆధునిక ఇంగ్లీషులో వే, హౌ రెండూ పక్కపక్కన నిలవవు. "ది వే షి స్పీక్స్" అనో, "హౌ షి స్పీక్స్" అనో ఒకదానినే ఉంచాలి.