నానోట్యూబులు నొక్కితే వచ్చిన దొంగ కార్బన్: లాంప్స్‌లో సరిచేసిన తీరు

పరమాణువుల కదలికను లెక్కగట్టే లాంప్స్ ప్రోగ్రాంలో (6,6) రకం కార్బన్ నానోట్యూబుల కట్టను 30 గిగాపాస్కల్‌కు నొక్కితే కొత్త స్ఫటికం వచ్చినట్టే కనిపించింది. పీడనం సున్నాకు దించగానే విడిపోయింది.

అసలు తప్పు పీడనాన్ని అదుపుచేసే బారోస్టాట్‌లో ఉంది. 'ఐసో' పెడితే పరమాణువులున్న లెక్క పెట్టె మూడు దిక్కులా ఒకే నిష్పత్తిలో కుంచించుకుంటుంది. ట్యూబేమో పొడవునా మహా బిగువు, అడ్డంగా మెత్తన. పొడవును బలవంతంగా కుదించేసరికి గోడ మడతపడి, మామూలుగా కలవని పరమాణువులు అతుక్కున్నాయి. ఒక్కో దిక్కును విడిగా మారనిచ్చే 'ఎనైసో'కు మార్చితే ట్యూబులు ముందు అడ్డంగా నలిగి, పక్క ట్యూబుల గోడలు కలుస్తాయి. కావలసింది అదే.

రెండో తప్పు పొటెన్షియల్, అంటే పరమాణువుల మధ్య బలాలు చెప్పే సూత్రం. కార్బన్‌కు వాడే ఐరెబో సూత్రంలో, బంధం లేని పరమాణువుల సంగతి చూసే లెనార్డ్-జోన్స్ భాగం దగ్గర దూరాల్లో మరీ గట్టిగా తోస్తుంది. ఇంత పీడనానికి దాని బదులు మోర్స్ సూత్రం వాడే ఐరెబో-ఎమ్ నయం.

లాంప్స్‌లోని 'మెటల్' యూనిట్ల పద్ధతిలో పీడనం బార్లలో ఇవ్వాలి: 30 గిగాపాస్కల్ అంటే 3,00,000. టైమ్‌స్టెప్ 0.0005 పికోసెకండ్. ట్యూబు వ్యాసం 8.14 ఆంగ్‌స్ట్రామ్‌లు, పక్క ట్యూబుల గోడల మధ్య సందు 3.4, కాబట్టి కేంద్రాల మధ్య సుమారు 11.5. రెండు ట్యూబుల దీర్ఘచతురస్రపు పెట్టె 11.5 × 19.9. ట్యూబు పొడవు దిక్కున పెట్టె 2.46కు గుణిజంగా ఉండకపోతే అంచులో బంధం తెగుతుంది.

బరంపురం, పర్లాకిమిడి వైపు ఇంట్లో నడిపేవాళ్లు ప్రతి 10,000 టైమ్‌స్టెప్పులకూ, ఆగిన చోటినుంచి మళ్లీ మొదలుపెట్టే రీస్టార్ట్ ఫైలు రాయించండి. కరెంటు పోతే రాత్రంతా చేసిన లెక్క గంగపాలు!

పీడనం దించాక నిలిచిన రూపాన్నే క్వాంటమ్ ఎస్ప్రెస్సో అనే క్వాంటమ్ లెక్కల ప్రోగ్రాంలో రిలాక్స్ చేసి (పరమాణువులను కనిష్ఠ శక్తి స్థానాలకు చేర్చి), ఫోనాన్లు, అంటే స్ఫటిక కంపనాలు చూడాలి. ఊహాత్మక పౌనఃపున్యం (ప్రోగ్రాం దాన్ని రుణ సంఖ్యగా రాస్తుంది) స్పష్టంగా కనిపిస్తే ఆ రూపం నిలవదు. గామా బిందువు (తరంగ సదిశ సున్నా అయ్యే చోటు) దగ్గర చిన్న రుణ విలువ మాత్రం తరచుగా లెక్క దోషమే. శక్తి కటాఫ్ పెంచి మళ్లీ చూడండి.