బ్రేకులు పీకను గానీ, స్టార్టింగ్ నేర్పుతాను

విజయనగరంలో నా సైకిల్ షాపుకొచ్చే కుర్రాళ్లు ఫోన్లో బ్రిటన్ ట్రాక్ సైక్లిస్ట్ క్రిస్ హోయ్ రేసులు చూసి, "బాబాయ్, బ్రేకులు పీకేయ్" అంటారు. పీకను. ట్రాక్ సైకిల్‌కి బ్రేకులూ, తొక్కడం ఆపినా చక్రం తిరగనిచ్చే ఫ్రీవీలూ ఉండవు, నిజమే. అది రేసులకే కట్టిన 250 మీటర్ల ట్రాక్‌లో, అంటే వెలోడ్రోమ్‌లో చెల్లుతుంది, నెల్లిమర్ల రోడ్డులో ఆటోల మధ్య కాదు.

హోయ్ 2004లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బంగారం కొట్టింది కిలోమీటర్ టైమ్ ట్రయల్‌లో, అంటే ఒక్కడే గడియారంతో పోటీపడి కిలోమీటర్ తొక్కే రేసులో. దానికి ఆగిన చోటు నుంచే దూకాలి. ఆ స్టార్టింగ్ ఇక్కడే నేర్చుకోవచ్చు. తెల్లారకట్ల ఖాళీ రోడ్డు చూసుకో. వెనకొకడు సీటు పట్టుకోవాలి. బలమైన కాలి పెడల్ ముందుకి, అడ్డం కంటే కాస్త పైకి ఉంచు. లెక్కపెడుతుంటే నడుము వెనక్కి లాగు. "గో" అనగానే ముందుకి విసిరి, హ్యాండిల్ని గట్టిగా లాగుతూ తొక్కు. తల వంచకు. ఐదారుసార్లు చాలు, మధ్యలో ఊపిరి పూర్తిగా కుదుటపడాలి. చైన్ వదులైతే ముందే బిగించుకో. నిలబడి తొక్కుతుండగా ఊడిందా, ముందుపళ్లు నీవి కావు.

తొడల్లో బలం లేకపోతే ఇదంతా దండగ. స్క్వాట్లు తప్పవు. ఫోన్ చూసి బరువులెత్తకు. పక్కనే కొండవెలగాడ ఉంది, వెయిట్‌లిఫ్టర్ల ఊరు. వెళ్లి అడుగు.