తలుపు వేసి రండి: వేసవికి ముందు టవర్లలో ఉండేవాళ్ళకి

పోయిన వారం మా టవర్‌లో 11వ అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ అంటుకుంది. ఇంట్లోవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని పరుగున బయటపడ్డారు, ఎవరికీ ఏం కాలేదు. కానీ ఇంటి తలుపు బార్లా తీసి వచ్చేశారు. దానికి తోడు ఆ అంతస్తులో మెట్లదారి తలుపుకి ఎవరో ఇటుక అడ్డం పెట్టారు, గాలి ఆడుతుందని. కాసేపటికే 19లో ఉన్న మాకు కళ్ళు తెరవడం కష్టమైపోయింది. మా ఎదురింటి పెద్దావిడ మెట్లు దిగుతూ 16 దగ్గర కూలబడ్డారు. ఇద్దరు కుర్రాళ్ళు ఆవిడని లేవదీసి అక్కడే ఒక ఫ్లాట్‌లోకి తీసుకెళ్ళారు కాబట్టి సరిపోయింది. కాలింది ఒక్క గది. పొగ పట్టింది ఎనిమిది అంతస్తులకి.

ఏసీకి ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు, వైరింగ్ చెక్ చేయించుకోండి, దీపం ఆర్పి పడుకోండి... ఇవన్నీ మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను. నేను చెప్పేది తలుపు గురించి.

పొగ ఎటు పోతుంది

2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో అగ్నిప్రమాదం జరిగి 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. అది టవర్ కాదు, పాత భవనం. కింద దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకి ఒకటే ఇరుకు దారి. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు కాలితే, ఆ పొగ మెట్ల గుండా పైనున్న లాడ్జిలోకి ఎక్కి 8 మంది చనిపోయారు. ఇలాంటి చోట్ల చాలామందికి మంట తగలనే తగలదు. ఊపిరాడకే పోతారు.

మనలాంటి ఎత్తైన భవనం సంగతి కావాలంటే న్యూయార్క్ చూడండి. 2022 జనవరి 9న బ్రాంక్స్‌లో 19 అంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒక రూమ్ హీటర్ వల్ల నిప్పంటుకుంది. మంట ఆ ఫ్లాట్, దాని ముందు కారిడార్ దాటి పెద్దగా పోలేదు. అయినా అక్కడా 17 మంది పోయారు. నిప్పంటుకున్న ఫ్లాట్‌వాళ్ళు బయటికి వచ్చాక వాళ్ళ తలుపు దానంతటది మూసుకోవాలి, మూసుకోలేదు. పైన 15వ అంతస్తులో మెట్లదారి తలుపు కూడా తెరిచే ఉంది. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017లో 72 మంది చనిపోయిన ప్రమాదం మీద విచారణ జరిపినవాళ్ళు కూడా మూసుకోని ఫ్లాట్ తలుపుల గురించి ప్రత్యేకంగా రాశారు.

మెట్లదారి అంటే కింది నుంచి పై దాకా నిలువుగా ఉన్న గొట్టం. తలుపు తీసి ఉంచితే పొయ్యి మీద పొగగొట్టం పెట్టినట్టే. కొత్త టవర్లలో అలారం మోగగానే ఫ్యాన్లు ఆన్ అయి మెట్లదారిలోకి బయటి గాలిని తోస్తాయి, పొగ లోపలికి రాకుండా. తలుపులన్నీ మూసి ఉంటేనే ఆ గాలి నిలుస్తుంది. ఇటుక పెట్టి తెరిచారా, లక్షలు పోసి పెట్టిన ఫ్యాను ఉన్నా లేనట్టే. ఆ బరువైన తలుపుకి స్ప్రింగు పెట్టింది మన చేతులు నొప్పి పెట్టాలని కాదండీ.

మంట మీ ఇంట్లో అయితే

గదిలో అంటుకుంటే ఆ గది తలుపు వేసేయండి. అందరూ బయటికి వచ్చాక మెయిన్ డోర్ వేసేయండి. తాళం వేయకండి, ఫైర్ వాళ్ళు లోపలికి వెళ్ళాలి. లోపల ఎవరూ మిగల్లేదని లెక్క చూసుకుని వేయండి, అంతే. కారిడార్‌లో అలారం మోగించే ఎర్ర బటన్ నొక్కి, 101కి ఫోన్ చేయండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, మంట పైకి ఎగజిమ్ముతుంది. స్టవ్ ఆపి మూత పెట్టండి, మూత తీసి చూడొద్దు.

ఒక్కదానికే మినహాయింపు: మంట లేకుండా గ్యాస్ వాసన మాత్రమే వస్తుంటే తలుపులు, కిటికీలు తెరవాలి. స్విచ్ వేయొద్దు, ఆపొద్దు కూడా.

మంట ఇంకెవరి ఇంట్లోనో అయితే

ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. అలారం వినగానే తలుపు తీసి మెట్ల వైపు పరుగెత్తుతారు. ముందు చేతి వెనక భాగంతో తలుపుని తాకి చూడండి. వేడిగా ఉంటే తీయొద్దు. చల్లగా ఉంటే కొంచెమే తీసి చూడండి. పొగ లేకపోతే మెట్ల మీదుగా కిందికి దిగండి. కారిడార్ నిండా పొగ ఉంటే వెనక్కి వచ్చి తలుపు వేయండి. కింద సందులో తడి తువ్వాలు కుక్కండి. బాల్కనీ ఉన్న గదిలోకి వెళ్ళి ఆ గది తలుపు కూడా వేయండి. 101కి ఫోన్ చేసి టవర్, అంతస్తు, ఫ్లాట్ నంబరు చెప్పండి, ఎంతమంది ఉన్నారో చెప్పండి. ఏదైనా గుడ్డ ఊపుతూ ఉండండి. మా ఎదురింటావిడ ఇంట్లోనే తలుపు వేసుకుని కూర్చుని ఉంటే ఆవిడకి ఆ గండం ఉండేది కాదు. ఆవిడని దిగమని తొందరపెట్టింది మేమే.

టెర్రస్ మీదికి వెళ్ళాలనుకోకండి. పొగ వెళ్ళేదీ అటే, పైగా అక్కడ తాళం వేసి ఉంటుంది. లిఫ్ట్ వద్దు, రెండంతస్తులే అయినా వద్దు.

ఇక మిగతావి, వరస లేకుండా, గుర్తొచ్చినట్టు:

మెట్లదారి తలుపుకి ఇటుక, కుండీ, మడిచిన అట్టముక్క, ఏదీ పెట్టొద్దు.

మెయిన్ డోర్ పక్కన స్కూటర్ బ్యాటరీ చార్జింగ్ పెట్టొద్దు. అది అంటుకుంటే మీరు బయటికి వచ్చే దారే ఉండదు.

రాత్రి చార్జింగ్ అసలు వద్దు.

చెప్పుల స్టాండ్, సైకిల్, పాత పరుపు, ఆన్‌లైన్ ఆర్డర్ల డబ్బాలు మెట్ల మీద వద్దు. కరెంటు షాఫ్ట్ (అంతస్తులన్నిటికీ వైర్లు వెళ్ళే గది) స్టోర్ రూమ్ కాదు.

బాల్కనీకి గ్రిల్ పెట్టించారా? దానికి తెరుచుకునే చోటు ఒకటి ఉందా? దాని తాళంచెవి ఎక్కడ ఉందో పనిమనిషికి తెలుసా, పిల్లలకి తెలుసా?

రెఫ్యూజ్ ఏరియాలో, అంటే ప్రమాదంలో జనం ఆగి తలదాచుకోవడానికి ఖాళీగా వదిలిన చోట, టేబుల్ టెన్నిస్ ఆడించొద్దు. అక్కడ సామాను పెట్టొద్దు, తాళం అంతకన్నా వద్దు.

మంటలార్పే ఎర్ర సిలిండర్ మీద గేజ్ ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో మీరే చూడండి. వాచ్‌మన్ చూశాడని అనుకోవద్దు.

అలారం అస్తమానం ఊరికే మోగుతోందని ఆఫ్ చేయించిన అసోసియేషన్ పెద్దలు ఈ రోజే ఆన్ చేయించండి. రేపు మీటింగ్ పెట్టి మాట్లాడదాం అనొద్దు.

ఫైర్ ఇంజన్ వచ్చే దారిలో కారు పెట్టొద్దు. "ఐదు నిమిషాలే" అనొద్దు.

ఇంట్లో మంచం మీద ఉన్నవాళ్ళుంటే ఫ్లాట్ నంబరు సెక్యూరిటీ దగ్గర రాయించండి.

మీ ఇంటి తలుపుకి డోర్ క్లోజర్ (తలుపు దానంతటది మూసుకునేలా చేసేది) ఉంటే, విసుగొచ్చి విప్పేసి ఉంటే, మళ్ళీ బిగించండి. లేకపోతే పెట్టించండి.

బయటికి వచ్చేటప్పుడు తలుపు వేసి రండి. పిల్లలకి ఇది ఒక్కసారి చెబితే చాలదు. చేయించి చూడండి.

నిన్న సాయంత్రం బీ బ్లాక్ 6వ అంతస్తులో తలుపుకి తులసి కుండీ అడ్డం పెట్టి ఉంది. తీసి కిందికి తెచ్చి సెక్యూరిటీ క్యాబిన్ దగ్గర పెట్టాను. నీళ్ళు కూడా పోశాను. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళి బాల్కనీలో పెట్టుకోండి.