రంగులద్దిన పాత కోలార్ పోస్ట్‌కార్డు దొరికితే ఇలా చూడండి

విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులు తిరిగే అలవాటు ఉంటే ఎప్పుడైనా కోలార్ బంగారు గనుల కార్డు తగలొచ్చు. షాపతను కేజీఎఫ్ అని ఎంత ఊరించినా ముందు కార్డు తిప్పి వెనక చూడండి, బొమ్మ సంగతి తర్వాత.

వెనక మధ్యలో నిలువు గీత లేకుండా మొత్తం అడ్రసుకే వదిలేసి ఉంటే అది సుమారు 1905కు ముందరి పద్ధతి, అప్పట్లో కబుర్లన్నీ బొమ్మ పక్కనే ఇరికించి రాసేవాళ్లు. స్టాంపు మీద ఏడో ఎడ్వర్డ్ ఉంటే 1902 తర్వాత, ఐదో జార్జి ఉంటే 1911 తర్వాత పోస్టు చేసినట్టు. ఫొటో తీసిన ఏడాది మాత్రం అది కాదు, ఒకే ఫొటోను ఏళ్ల తరబడి అచ్చేసేవాళ్లు.

ఇక భూతద్దం తీయండి. రంగే చుక్కలు చుక్కలుగా కనిపిస్తే మెషీన్ అచ్చు. చేత్తో వేసిందైతే కింద నలుపు తెలుపు బొమ్మ ఉండి, పైన పల్చటి నీటి రంగు అక్కడక్కడా గీత దాటి పోతుంది, కొండపల్లి బొమ్మకు కుంచె జారినట్టు. రంగులు వేసింది చాలాసార్లు ఎక్కడో యూరప్‌లో కూర్చుని, కోలార్ మొహం కూడా చూడనివాళ్లు. కాబట్టి మట్టి ఎర్రగా ఉందనో, కూలీ తలపాగా నీలమనో నమ్మేయకండి. కెమెరా పట్టినవే సాక్ష్యం: గని నోటి మీది హెడ్‌గేర్ (మనుషుల్ని, రాతిని పైకి లాగే చక్రాల చట్రం), పొగగొట్టాలు, రాతిపొడి దిబ్బలు. కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం కరెంటు అక్కడికి చేరింది 1902లో, అందుకని బొమ్మలో పెద్ద కరెంటు లైను ఉంటే ఆ తర్వాతిదే అనుకోవచ్చు, టెలిగ్రాఫ్ స్తంభాలతో పొరపడకపోతే. కింద చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ అని ఉంటే ఏ గనో కూడా తెలిసిపోతుంది. చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు చాలామంది అక్కడ పనికి వెళ్లారు, వెనక తెలుగు రాత ఉంటే నా లెక్కలో బొమ్మకంటే అదే విలువైనది.

ఇంటికి తెచ్చాక తడిగుడ్డ పెట్టొద్దు, రంగు ఊడిపోతుంది. లామినేషన్ అసలే వద్దు, ఆ వేడికి, జిగురుకి కార్డు మళ్లీ బయటికి రాదు. రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేసి, గోడకు ఆ ప్రింటు తగిలించండి. అసలు కార్డు పారదర్శకమైన పాలిఎస్టర్ కవర్లో, వానాకాలం చెమ్మ తగలని బీరువాలో ఉండాలి. పెన్సిల్‌తో వెనక రాసిన రేటు కనిపించినా రబ్బరు పెట్టి రుద్దకండి, కాగితం పైపొర లేచిపోతుంది.