సాసేజ్ వేసి బేక్డ్ జీటీ, ఎండిపోకుండా రావాలంటే

న్యూయార్క్, న్యూజెర్సీ వైపు ఇటాలియన్ వాళ్ళ ఇళ్ళల్లో పదిమంది భోజనానికి వస్తున్నారంటే బేక్డ్ జీటీ ట్రే ఒకటి ఖాయం. జీటీ అంటే గొట్టాల్లా ఉండే పాస్తా, నేపుల్స్ వైపు పొడుగ్గా దొరుకుతుంది, చేత్తో విరిచి వండుకుంటారు, అమెరికాలో అయితే ముందే ముక్కలుగా కోసిన బాక్సులు వస్తాయి. అది లేకపోతే పెన్నె, రిగటోనీ ఏదైనా పర్లేదు, గొట్టం లోపలికి సాస్ దూరాలి అంతే. ఇప్పుడు మన తెలుగు వాళ్ళ ఇళ్ళల్లో కూడా పిల్లలు స్కూల్లో తినొచ్చి ఇంట్లో చెయ్యమంటున్నారు, చేస్తే ఏమో పైన చీజ్ బాగానే ఉంటుంది, లోపల ఎండిపోయి గొంతుకి అడ్డం పడుతుంది. అందరూ ఓవెన్‌ని తిట్టుకుంటారు గానీ పొయ్యి మీదే తేలిపోతుందండీ సంగతంతా, పాస్తా పూర్తిగా ఉడికించేసి ఉంటారు, సాస్ చిక్కగా దించేసి ఉంటారు. ఈ రెండూ సరిచూసుకుంటే మిగతాది దానంతట అదే అవుతుంది.

9 బై 13 ఇంచుల ట్రేకి లెక్క చెప్తా, ఆరుగురికి కడుపునిండా వస్తుంది. పాస్తా ఒక పౌండ్ బాక్స్, ఇటాలియన్ సాసేజ్ ఒక పౌండ్, క్రష్డ్ టమాటో 28 ఔన్సుల పెద్ద క్యాన్ ఒకటి, 15 ఔన్సుల చిన్న క్యాన్ ఇంకోటి, రికోటా అనే మెత్తటి తెల్ల చీజ్ 15 ఔన్సుల డబ్బా, మొజరెల్లా చీజ్ 12 ఔన్సులు, తురిమిన పార్మెజాన్ (గట్టిగా, ఉప్పగా ఉండే చీజ్) ఒక కప్పు, ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి ఐదారు రెబ్బలు, టమాటో పేస్ట్ రెండు స్పూన్లు, సాస్‌లోకి బేసిల్ ఆకు ఉంటే గుప్పెడు. మొజరెల్లా దిమ్మ కొనుక్కుని ఇంట్లో తురుముకోండి, తురిమి అమ్మేదానికి అంటుకోకుండా పిండి పట్టిస్తారు కాబట్టి అది సరిగ్గా కరగదు. నీళ్ళల్లో ఊరే ఫ్రెష్ మొజరెల్లా ఉండలు మాత్రం దీనికి వద్దు, ట్రే అంతా నీళ్ళు వదిలేస్తాయి.

సాసేజ్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇటాలియన్ సాసేజ్ అని అమ్మేది మామూలుగా పోర్క్, దాని రుచంతా సోంపులో ఉంటుంది, స్వీట్ అని ఒకటి హాట్ అని ఒకటి, మనకి హాటే బాగుంటుంది. పోర్క్ తినని ఇళ్ళకి అదే మసాలాతో చికెన్‌వీ, టర్కీవీ దొరుకుతాయి, పచ్చివే తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలో ఎక్కువగా కనిపించే ఫ్రోజెన్ చికెన్ సాసేజ్‌లు ముందే ఉడికించినవి, మెత్తటి ముద్దతో చేస్తారు, అవి చిదిమితే విడిపోవు, చక్రాల్లా కోసి వెయ్యాలి, అప్పుడు హాట్ డాగ్ పాస్తా లాగే ఉంటుంది రుచి. దానికంటే అర కిలో చికెన్ కీమా తెచ్చి, కచ్చాపచ్చాగా దంచిన సోంపు స్పూనున్నర, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, చిల్లీ ఫ్లేక్స్ ఒక స్పూన్, మిరియాల పొడి అర స్పూన్, ఉప్పు ఒక స్పూన్, కాస్త వెనిగర్, రెండు స్పూన్ల నూనె వేసి బాగా పిసికి గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే సాసేజ్ మాంసం తయారు. ఇంత దాకా వచ్చాక చెయ్యి గరం మసాలా డబ్బా మీదకి పోతుంది, పోనివ్వకండి, ధనియాల పొడి కూడా వద్దు, పడిందా కీమా కూర అయిపోతుంది.

సాసేజ్ పైన తొడుగుని నిలువునా చాకుతో గీసి ఊడదీసేయండి. వెడల్పాటి మందపు మూకుడులో ఒక స్పూన్ ఆలివ్ ఆయిల్ వేడెక్కాక మాంసాన్ని చిదిమి పరిచి, ఇక గరిటె పక్కన పెట్టేయండి, మూడు నాలుగు నిమిషాలు కదపొద్దు. మొదట నీరు ఊరి గుసగుసమంటూ ఉడుకుతున్నట్టు ఉంటుంది, రంగు కూడా తెల్లగా పాలిపోయి ఉంటుంది, ఇక్కడే చాలామంది ఉడికిపోయిందిలే అని టమాటో పోసేస్తారు. ఆగండి, నీరంతా ఇగిరిపోయి కొవ్వు ఒక్కటే మిగిలాక చప్పుడు మారుతుంది, చిటపటమని గట్టిగా మొదలవుతుంది, అడుగున గోధుమరంగు పొర పడుతుంది, అప్పుడు తిరగేసి రెండో వైపు కూడా అలాగే వేగనివ్వాలి. ముక్కలు మరీ పొడి చెయ్యొద్దు, పంటికి తగిలేంత ఉండాలి. తీసి పక్కన పెట్టి, నూనె మరీ ఎక్కువుంటే ఒక పెద్ద స్పూన్ ఉంచి మిగతాది వంపేయండి.

అదే మూకుడులో ఉల్లిపాయ, తర్వాత వెల్లుల్లి, తర్వాత టమాటో పేస్ట్ వేసి ఎర్రటి రంగు ఇటుక రంగులోకి తిరిగేదాకా వేయించి, రెండు క్యాన్లూ పోసి, పెద్ద క్యాన్‌లో సగం దాకా నీళ్ళు పోసి కలిపి కడిగి అవీ పోసేయండి. అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకి కలపాలి, రుచి ఉండేది అక్కడే. సాసేజ్ తిరిగి వేసి సన్న సెగ మీద పావుగంట. ఉప్పు తక్కువే వెయ్యండి, సాసేజ్‌లో ఉంది, పార్మెజాన్‌లో ఉంది, పాస్తా ఉడికిన నీళ్ళల్లో ఉంది. ఇక చిక్కదనం చూసుకోండి, గరిటెతో ఎత్తి పోస్తే పప్పుచారులా జారాలి, ఇదేంటి ఇంత పలచగా ఉందనిపించాలి మీకు, ఎందుకంటే ఓవెన్‌లో అరగంట పైగా పాస్తా దాన్ని తాగుతూనే ఉంటుంది.

పాస్తా నీళ్ళల్లో ఉప్పు వేసి, బాక్స్ మీద 10 నిమిషాలని ఉంటే 7 నిమిషాలకే వార్చేయండి, కొరికితే మధ్యలో పలుకు గట్టిగా తగలాలి. వార్చేముందు ఒక కప్పు నీళ్ళు తీసి ఉంచుకోండి. చల్లటి నీళ్ళతో కడగొద్దు, నేరుగా సాస్‌లో కలిపేయడమే, ఒక కప్పు సాస్ మాత్రం పైకి దాచుకోండి, కలిపాక బిగుసుకున్నట్టు కనిపిస్తే ఆ వార్చిన నీళ్ళు కొంచెం పోయండి.

ట్రేలో సగం పాస్తా పరిచి, రికోటాలో సగం పార్మెజాన్, మిరియాల పొడి కలిపి స్పూన్లతో అక్కడక్కడా పెట్టి, మొజరెల్లా సగం చల్లి, మిగతా పాస్తా, దాచిన సాస్, మిగతా చీజ్‌లు. రికోటాని మొత్తం పాస్తాలో కలిపేసేవాళ్ళున్నారు, నాకు నచ్చదు, ముద్దలుగా ఉంటేనే అక్కడో చోట తెల్లగా తగిలి బాగుంటుంది. కొందరు గుడ్డు కూడా కొడతారు, ముక్కలు కోసినట్టు రావాలంటే కొట్టండి, లేకపోతే అవసరం లేదు. రికోటా దొరకని చోట పాలు విరగ్గొట్టి, నీళ్ళు పూర్తిగా పిండకుండా తీసిన విరుగు బ్రహ్మాండంగా సరిపోతుంది.

375 ఫారెన్‌హీట్, సెంటీగ్రేడ్ ఓటీజీలో 190. ఫాయిల్ కప్పి 20 నిమిషాలు, తీసేసి ఇంకో పావుగంట, అంచుల్లో సాస్ కుతకుతమని పొంగి పైన గోధుమ మచ్చలు పడితే అయిపోయినట్టే. ఫాయిల్ చీజ్‌కి తగలకుండా కొంచెం ఎత్తుగా కట్టండి, తగిలిందా చీజంతా దానితో పాటే ఊడొస్తుంది. తీశాక పావుగంట ముట్టుకోవద్దు, పిల్లలు చుట్టూ తిరుగుతారు గానీ వెంటనే తీస్తే ప్లేటంతా చారైపోతుంది. మూలల్లో కరకరలాడే మాడు ఎవరికన్నది ముందే తేల్చుకోండి, మా ఇంట్లో అయితే చేసినప్పుడల్లా గొడవే దాని గురించి.

ఇంట్లో మాంసం తినని పెద్దవాళ్ళుంటే చిన్న ట్రే ఒకటి విడిగా కట్టండి, సాసేజ్ బదులు పుట్టగొడుగులు నీరంతా పోయేదాకా వేయించి అదే సోంపు, చిల్లీ ఫ్లేక్స్ వేస్తే రుచి దగ్గర్లోనే ఉంటుంది. అసలు పార్మెజాన్ పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసే రెన్నెట్ అనే పదార్థం వేసి చేస్తారు, అది పట్టింపు ఉన్నవాళ్ళకి వెజిటేరియన్ రెన్నెట్ అని రాసి ఉన్న చీజ్ చూసి కొనాలి.

ముందురోజు రాత్రే ట్రే కట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, ఆఫీసు నుంచి వచ్చాక బేక్ చేస్తే చాలు, చల్లగా ఉంటుంది కాబట్టి ఫాయిల్ కింద ఇంకో 15 నిమిషాలు అదనం. గాజు ట్రే అయితే ఫ్రిజ్‌లోంచి నేరుగా వేడి ఓవెన్‌లోకి తొయ్యకండి, పగులుతుంది, అరగంట బయట పెట్టాకే. మిగిలింది ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవుంటుంది, మైక్రోవేవ్ కంటే పెనం మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి మూతపెట్టి, చివర్లో మూత తీసి అడుగు కాస్త ఎర్రబడనిచ్చి తినండి.