శ్రీకూర్మం, విజయనగరం వెళ్తే లోకల్ గైడ్‌తో ఎలా మాట్లాడాలంటే

మన వైపు గైడ్ అంటే మెడలో కార్డు వేసుకున్నాయనే అవ్వక్కర్లేదండీ, గుడి అరుగు మీద కూర్చున్న తాతో, మిమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అన్నో ఆ పని చేసేస్తారు. అందుకని ముందే డబ్బుల సంగతి తేల్చేసుకోండి. "మీ ఇష్టం బాబూ" అంటే ఇంకోసారి అడగండి, చివర్లో ఇద్దరికీ మొహమాటం ఉండదు.

ఆ తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి ఆయన్ని చెప్పనివ్వండి. మొదట్లోనే "ఇదంతా నిజమేనా" అని అడ్డం పడితే పాఠం అప్పజెప్పినట్టు నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. అదే "మీరు చూశారా" అని అడగండి, అసలు మజా అప్పుడు మొదలవుతుంది. శ్రీకూర్మంలోని కూర్మావతారం స్వామి గుడిలోంచి కాశీకి సొరంగం ఉందని చెప్తారు కదా, మాకు చూపించిన తాతగారిని అదే అడిగాను.

"మీరెప్పుడైనా లోపలికెళ్ళారా తాతా?"

"నానెందుకెల్తాను బాబూ, కాశీకి రైలుంది కదా."

"మరి గుడిలో పెంచుతున్న ఈ తాబేలు వయసెంత?"

"నానూ అడిగాను. అది సెప్పనేదు."

నవ్వేసి వదిలేయకండి, అక్కడే ఇంకో ప్రశ్న వేయాలి, ఆయన మంచి హుషారులో ఉంటారు కాబట్టి. రెండు ధ్వజస్తంభాలెందుకు అని అడిగితే స్వామి పడమటి ముఖంగా ఉంటాడని చెప్పి, తూర్పుదొకటి పడమరదొకటి తిప్పి చూపించి, స్తంభాల మీద శాసనాల దగ్గరికి తీసుకెళ్ళి, రాయికి తగలకుండా గాల్లోనే అక్షరాల వెంట వేలు నడిపిస్తూ "ఇది మన తెలుగే బాబూ, నిదానంగా సదువు" అన్నారు. అంత ఓపిగ్గా ఎవరు చూపిస్తారు చెప్పండి! సొరంగం జనం నమ్మకం, శాసనం కళ్ళెదురుగా ఉన్న రాత, మీరు ఇంటికొచ్చి ఎవరికైనా చెప్పేటప్పుడు రెండూ కలిపేయొద్దు. అక్కడి నక్షత్ర తాబేళ్ళని ఫొటో కోసం చేతిలోకి తీసుకోకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద వాటికి రక్షణ ఉంది.

విజయనగరం కోట దగ్గరైతే, 1713లో దానికి పునాది వేసినప్పుడు కలిసొచ్చాయనే అయిదు విజయాలు వేళ్ళ మీద లెక్కపెట్టించండి. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమనే మంగళవారం, విజయరామరాజు పేరు, ఊరి పేరు, ఇలా చెప్తారు. నాలుగు దగ్గర ఆగితే మీరు అందించకండి, పక్కన టీ తాగుతున్నాయన అయిదోది అందుకుంటాడు, వాళ్ళిద్దరూ వాదించుకుంటుంటే బొబ్బిలి యుద్ధం దాకా వెళ్ళిపోతుంది, మీరు ఇంకో టీ చెప్పి వినడమే.

అరసవల్లి సూర్యదేవుడి గుడిలో మాత్రం సూటిగా అడగండి, సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది ఎప్పుడు అని. మార్చిలో, అక్టోబర్‌లో కొద్ది రోజులే, అదీ పొద్దున్నే, మబ్బు పట్టిందంటే అంతే. కాబట్టి ఆ తారీకులు, ఎన్నింటికి లైన్లో నిలబడాలో కనుక్కున్నాకే టికెట్లు బుక్ చేసుకోండి.